అగ్గిపెట్టె బరువు

ఇది రాయకూడదనే అనుకున్నాను. పరువు తక్కువ వ్యవహారం.

నేను దర్జీని. కింద కొట్టు, పైన ఇల్లు. సిగరెట్లు మానితే ఆయాసం తగ్గుతుంది, లేకపోతే ఆ మెట్లు మర్చిపోవాల్సిందేనన్నాడు డాక్టరు. ఎన్నిసార్లు మానినా మళ్ళీ మొదలే. చివరికి మా ఆవిడ నన్ను హిప్నాటిజం చేసే ఆయన దగ్గరికి లాక్కెళ్ళింది.

"సిగరెట్ అనుకోగానే చెయ్యి బరువెక్కిపోతుంది," అన్నాడాయన జోలపాడే గొంతుతో. నాకు కునుకైనా రాలేదు. ఆయన కాలరు కుట్టు వంకరగా ఉంది. నా కళ్ళు దాని మీంచి కదిల్తేగా.

తిరిగొచ్చి, చిరాగ్గా కొట్టు గుమ్మంలో సిగరెట్ నోట్లో పెట్టుకున్నాను. బట్టల దగ్గర నిప్పెందుకని అగ్గిపెట్టె ఎప్పుడూ పైన ఆవిడ దగ్గరే ఉంటుంది. కేకేస్తే కిందికి పడేస్తుంది.

"అగ్గిపెట్టె పడెయ్యవే."

"చెయ్యి లేవడం లేదండీ."

"ఆయన చెప్పింది నాకే."

"నేనూ పక్కనే కూర్చున్నాగా. మీకెక్కలేదు, నాకెక్కింది."

"నాటకాలా?"

"అగ్గిపెట్టె కూడా ఎత్తలేకపోతున్నాను, ఏం చెయ్యమంటారు?"

పళ్ళు నూరుకుంటూ నేనే మెట్లెక్కాను. సగంలో ఊపిరందక కూలబడ్డాను.

ఆవిడ గబగబా దిగొచ్చింది. లేవని ఆ చేత్తోనే నన్ను లేపి, పైదాకా తీసుకెళ్ళింది. సిగరెట్ మెట్టు మీదే ఉండిపోయింది.