మధ్యలో ఆగే మిషను

రాయి సగం తెగింది. మిషను ఆగిపోయింది.

“మళ్ళీ మొదలైంది దీని రోగం!” అంటూ మేస్త్రీ మోత వినబడకుండా చెవులకు పెట్టుకున్న డిప్పలు పీకి డాబా మీద విసిరికొట్టాడు.

అతను టైల్స్ మేస్త్రీ. తల్లి తుంటి విరిగి మంచాన పడ్డాక ఆమెను వదిలి బయటి పనులకు పోలేక, టైల్స్ కోసే మిషన్ని తన ఇంటి డాబా ఎక్కించాడు. ఏటి రాళ్ళను పలుచగా కోసి లాకెట్లు చేసే దుకాణానికి ఇస్తున్నాడు. కోత మధ్యలో బ్లేడు ఆగితే చాలు, మళ్ళీ తిప్పేసరికి రాయి అంచు పెటుక్కున విరుగుతుంది.

“ఈసారి కూడా విరిగినవే తెస్తే ఇంకొకర్ని చూసుకుంటా” అని దుకాణదారు ఫోన్లో తెగేసి చెప్పాడు.

ఈ పని పోతే తల్లిని ఒంటరిగా వదిలి మళ్ళీ బయటి పనులకు పోవాలి. మేస్త్రీ బెంగంతా అదే.

విసురుగా మెట్లు దిగాడు. ఆ మెట్లు ఇంట్లోకే దిగుతాయి. వీధి తలుపుకు లోపల గడియ పెట్టి పైకెక్కడం అతని అలవాటు.

“కరెంటు పోయిందా నాన్నా?” తల్లి మంచం మీద నుంచే పలకరించింది. “ఎలాగూ వచ్చావు, కాసిని నీళ్ళియ్యి. నన్ను కాస్త ఆ పక్కకి తిప్పు.”

“పిలవకపోయావా అమ్మా?”

“ఇప్పుడేరా గొంతెండింది.”

నీళ్ళు తాగించి, పక్క సర్ది, గేటు దగ్గరున్న మీటరు పెట్టె చూద్దామని కదిలేలోపే ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. రోజూ ఇదే తంతు.

బ్లేడు మార్చాడు. నీళ్ళు చిమ్మే చిన్న మోటారు విప్పి బురద కడిగాడు. స్విచ్చి మార్చాడు, వైరు మార్చాడు. రోగమొకటి, మందొకటి అయింది తప్ప మిషను మాత్రం ఆగుతూనే ఉంది. చివరికి తెలిసిన ఎలక్ట్రీషియన్ని పిలిచాడు.

“మిషను గుండ్రాయిలా ఉందన్నా. ఆగేది అది కాదు, కరెంటు. మీ ఒక్క ఇంటికే ఎందుకు పోతోందో చూసుకో.”

మేస్త్రీకి చటుక్కున నిద్రమొహం గుర్తొచ్చాడు.

నిద్రమొహమంటే తమ ఇంటి వెనక గదిలో అద్దెకుండే వాచ్‌మన్. రాత్రంతా గోడౌను కాపలా, పగలంతా పడక. ఎప్పుడు ఎదురైనా కళ్ళు ఎర్రగా చేసుకుని ఆవలిస్తూ కనబడతాడు. ఆ పేరు పెట్టింది మేస్త్రీయే. అంతకుమించి అతని గురించి ఏమీ తెలియదు. గోడకు అటూ ఇటూ ఉన్నంత మాత్రాన మనుషులు తెలిసిపోతారా ఏమిటి!

“ఏమయ్యా, మా మిషను జోలపాట ఎలా ఉంది?” అని ఒకసారి వెటకారం చేస్తే, “అలవాటైందన్నా” అని నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు వెనక ఇంత కథ ఉందన్నమాట అనుకుని మేస్త్రీ పళ్ళు నూరాడు.

మర్నాడు మిషన్ని ఊరికే తిప్పి వదిలేసి, తల్లి కంటబడకుండా పిల్లిలా దిగి, గేటు పక్క డ్రమ్ము వెనక నక్కాడు.

ఎంతోసేపు పట్టలేదు. చెదిరిన జుట్టుతో, చెప్పుల్లేకుండా వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. మీటరు పెట్టె తెరిచి ఫ్యూజు లాగాడు.

“దొరికావురా!” మేస్త్రీ అతని చొక్కా పట్టుకున్నాడు. తల్లి వింటే జాలిపడి అడ్డొస్తుందని గొంతు మాత్రం పెంచలేదు. “నీ నిద్ర కోసం నా నోటికాడి కూడు లాగేస్తావా?”

“నిద్ర కోసం కాదన్నా...”

“మరి దేనికి?”

వాచ్‌మన్ నోరు తెరిచాడు. ఇంటి వైపు ఒకసారి చూశాడు. నోరు మూసుకున్నాడు.

“చెప్పడానికేమైనా ఉంటే కదా! సాయంత్రంలోగా గది ఖాళీ చెయ్.”

ఎండ తగ్గకముందే వాచ్‌మన్ ట్రంకుపెట్టె భుజానికెత్తుకున్నాడు. గేటు దాకా వెళ్ళి ఆగాడు.

“అన్నా, ఒక్కమాట. మధ్యమధ్యలో మిషను ఆపి కిందికి వస్తూ ఉండు.”

“నా పని నాకే నేర్పుతావా? పో!”

పోయాడు. ఆ సంగతి మేస్త్రీ తల్లికి చెప్పలేదు. మీటరు పెట్టెకు తాళం బిగించాడు.

మర్నాడు మిషను ఎంత చక్కగా నడిచిందని! కోత మీద కోత, ఒక్క రాయీ విరగలేదు. పీడ విరగడైందనుకున్నాడు మేస్త్రీ. హుషారులో ఆకలి కూడా తెలియలేదు. మిషను ఆపేసరికి పొద్దు వాలింది.

అన్నిటికన్నా అందంగా తెగిన రాతిబిళ్ళను తల్లికి చూపిద్దామని దిగాడు.

మంచం ఖాళీగా ఉంది.

తల్లి వెనక గది వైపు కిటికీ కింద నేల మీద పడి ఉంది. ఆ తుంటితో అంతదూరం ఎలా పాకిందో! పెదవులు అట్టకట్టి ఉన్నాయి.

మేస్త్రీ పైప్రాణాలు పైనే పోయాయి. తలను ఒళ్ళోకి తీసుకుని నీళ్ళు పట్టాడు. సగం ఆమె మెడమీదే ఒలికాయి.

“ఎప్పుడు పడ్డావమ్మా? పిలవకపోయావా!”

“నీ మిషను ముందు నా గొంతెంతరా నాన్నా...” ఆమె ఊపిరి కూడదీసుకుంది. “తెలిస్తే ఈ పని కూడా మానేస్తావని, నీకు చెప్పొద్దని ఆ వెనక గది అబ్బాయి చేత ఒట్టేయించుకున్నాను. నేను పిలిచినప్పుడల్లా లేచెళ్ళి, కరెంటు తీసి నిన్ను కిందికి దింపేవాడు... పాపం, ఇవాళ ఒళ్ళెరగని నిద్ర పట్టినట్టుంది, ఎంత పిలిచినా పలకలేదు.”