అరమెట్టు

ఠాణా వరండాలో బెంచీ మీద బసవపున్నయ్య మేష్టారు పొద్దుటి నుంచి కూర్చునే ఉన్నాడు. ఒళ్లో హార్మోనియం పెట్టె. దాన్ని కూడా తెమ్మని ఎస్సైగారే కబురు పెట్టాడు. పోలీసులకు హార్మోనియంతో పనేమిటో ఆయనకు అంతుపట్టలేదు.

పక్కనే నేల మీద హేమ్లి. లాలు తల్లి. మూడు రోజులుగా ఆమె ఆ గోడ వదల్లేదు.

మంగళవారం సాయంత్రం భద్రాచలం రోడ్డులో కల్వర్టు కింద మందుపాతర పేలింది. పోలీసు జీపు తునాతునకలైంది. ఇద్దరు కానిస్టేబుళ్లు పోయారు. చీకటి పడేలోగా దొరికినవాణ్ణి దొరికినట్టు పట్టుకొచ్చారు. తండా నుంచి ఏన్కూరులో మేష్టారి దగ్గరికి వస్తున్న లాలు కూడా వాళ్లలో ఉన్నాడు. మిగతావాళ్లను తన్ని వదిలేశారు. లాలును మాత్రం వదల్లేదు.

ఆ అడవి అంచున పోలీసులు ఒకణ్ణి పట్టుకుని వదలకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. వారం తిరక్కుండా పేపర్లో ‘ఎదురుకాల్పులు’ అని ఒక చిన్న ముక్క పడుతుంది. అంతే, ఆ మనిషి కథ అక్కడికి సరి.

“నా కొడుక్కు పాట తప్ప ఏం తెల్వదు సారూ. నువ్వు జెప్తే వీళ్లు ఇంటరు” అంది హేమ్లి. “ఆ టేపు ముందటేసుకొని పొద్దంతా అదే పని. సెల్లులు అయిపోయినయ్ గదరా అంటే వాటినే ఎండలవెట్టి మళ్ల ఏస్తడు. టేపు మెల్లగ తిరిగి ఆడమనిషి పాడిన పాట మొగోడు పాడినట్టు బొంగురుబొంగురుగ వస్తది. గదే ఇంటడు.”

అంత బాధలోనూ మేష్టారికి నవ్వొచ్చింది. లాలు అంతే. మేష్టారి సొంత కొడుకులు మిర్చి వ్యాపారంలో పడి పెట్టె ముట్టనే లేదు. ఈ తండా కుర్రాడు ఆరు మైళ్లు నడిచొచ్చి మరీ నేర్చుకున్నాడు. నలభై ఏళ్లు నాటకాలకు వాయించి, ఎందరికో నేర్పిన మేష్టారికి అలాంటి చెవి ఇంకొకటి తగల్లేదు. పైకి అనడు గానీ వాడంటే ఆయనకు ప్రాణం.

లోపలికి పిలుపొచ్చింది.

ఎస్సై మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు. టీ తెప్పించాడు. సొరుగులోంచి ఒక క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇది మీదేనా మేష్టారూ?”

“నాదేనండి. లాలుకు నేనే ఇచ్చా. వచ్చే నెల నాటకంలో వాడు పాడాల్సిన పాట. ఏ శ్రుతిలో ఉందో పెట్టె ముట్టకుండా చెవితోనే కనిపెట్టి, మంగళవారం వచ్చి చెప్పమన్నా.”

ఎస్సై పక్కనున్న ఠాణా రైటరు వంక చూశాడు. రైటరు రాసుకున్నాడు.

“శ్రుతి అంటే ఎట్ల జెప్తరు?”

“అంకెల్లోనేనండి. తెల్లమెట్లు ఒకటి, రెండు, మూడు. మధ్యలో నల్లమెట్టు పడితే అర కలుస్తుంది. ఒకటిన్నర, రెండున్నర, అలాగ.”

“మరి ఈ పాట ఎంత? ఇక్కడనే విని చెప్పాలె.”

మేష్టారికి సంగతి అర్థమైనట్టే అనిపించింది. ఇది పరీక్ష. లాలు నిజంగా పాటగాడేనా, తను నిజంగా వాడి గురువేనా అని చూస్తున్నారు. ఇక్కడ తడబడ్డాడా, పిల్లవాడి ప్రాణం పోయినట్టే.

కానిస్టేబుల్ దేవ్లా ఠాణా టేప్‌రికార్డర్లో కొత్త సెల్లులు వేసి మీట నొక్కాడు. పాట గలగలా వచ్చింది. మేష్టారు కళ్లు మూసుకున్నాడు. అలవాటైన పాటే, అయినా పల్లవి అయ్యేదాకా ఆగి, పెట్టె తెరిచి ఒక మెట్టు నొక్కి పట్టాడు. పాటా పెట్టే ఒకటైపోయాయి.

“ఐదండి.”

“తొందరేం లేదు. ఇంకోపారి వినుండ్రి.”

మళ్లీ విన్నాడు. “ఐదే.”

“అర అటో ఇటో?”

“అరమెట్టు కాదు కదా, వెంట్రుకవాసి తేడా లేదండి. తప్పయితే నా పెట్టె ఇక్కడే పగలగొట్టండి.”

ఎస్సై పెన్నుతో బల్ల మీద రెండుసార్లు కొట్టాడు. “లాలు తప్పు జెప్పొచ్చు గద? నేర్చుకునేటోడే కదా.”

మేష్టారికి రోషం పొడుచుకొచ్చింది. “వాడా! వాడి చెవి నా చెవి కన్నా నిఖార్సు. నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పడు. అందుకు నాది పూచీ.”

ఎస్సై తలూపాడు. రైటరు రాసిన కాగితం ముందుకు జరిగింది. మేష్టారు సంతకం పెట్టాడు.

“మరి వాణ్ణి...”

“పంపించేస్తం” అన్నాడు ఎస్సై.

మేష్టారు బయటికొచ్చి హేమ్లికి చెప్పాడు. ఆమె ఆయన కాళ్ల మీద పడి ఏడ్చింది. ఇంతలో ఠాణా వెనక నుంచి వ్యాను వచ్చింది. ఇద్దరు పోలీసుల మధ్య లాలు. మేష్టార్ని చూసి ఏదో అరిచాడు. ఇంజన్ మోతలో ఏమీ వినపడలేదు.

వ్యాను కోర్టున్న ఖమ్మం వైపు పోలేదు. అడవి వైపు తిరిగింది.

“మా తండా అటే గద సారూ! ఇంటికాడనే దించుతరు” అంటూ హేమ్లి దాని వెనకాలే పరుగెత్తింది.

దేవ్లా హార్మోనియం మోసుకొచ్చి మేష్టారి చేతుల్లో పెట్టాడు. ఆయన మొహంలోకి చూడలేక, తల దించుకుని మెల్లగా అన్నాడు.

“జీపు పేలింది నాలుగున్నరకు సారూ, పిలగాని జేబుల దొరికిన చీటీ మీద ‘నాలుగున్నర’ అని రాసున్నది, అది టైం గాదు, మా సారు కనుక్కోమన్న శ్రుతి అని మూడు దినాల సంది మొత్తుకుంటనే ఉన్నడు.”