తుక్కు కొనే మనిషి

"కమాల్ మామా, నా బ్యాటరీ తుక్కుకు ఇయ్యనులే. ఎదురంగడి అక్క బాగు చేసిచ్చింది."

ఆ మాట అనేసి దయానందం తన కరెంటు ఆటోను రయ్యిమని జమ్మలమడుగు రోడ్డెక్కించాడు. కమాల్ బాషా ఎదురంగడి వైపు కొరకొరా చూశాడు.

ప్రొద్దుటూరులో కరెంటు ఆటోల పాత బ్యాటరీలను తుక్కు కింద కొనేది అతనొక్కడే. నిన్నమొన్నటి దాకా అతని మాటే రేటు.

ఇప్పుడు ఎక్కడి నుంచో రజిని అనే ఆమె వచ్చి ఎదురుగా షెడ్డు తెరిచింది. చచ్చిందనుకున్న బ్యాటరీని విప్పి, పాడైన సెల్లులు తీసేసి, మంచివి వేసి బిగిస్తుంది. కొత్తది కొనలేని ఆటోవాళ్లంతా ఆ గడపే తొక్కుతున్నారు.

ఆ షెడ్డు ముందు ఆటో ఆగితే చాలు, కమాల్ బాషాకు అన్నం సయించేది కాదు. ఆమె ఎవరితోనో నవ్వినా తనను చూసి నవ్వినట్టే ఉండేది.

"ఆ యమ్మను చూసి అంత కుళ్లుకుంటావేంది?" అంది భార్య ఖమర్‌బీ.

"కుళ్లు కాదు. నా నోటికాడ కూడు లాక్కుంటాంది!"

ఒకనాడు రజినే రోడ్డు దాటి వచ్చింది.

"అన్నా, మీతో ఒక మాట మాట్లాడాల. మీ సరుకు గురించి..."

"నా సరుకుతో నీకేం పని? నీ అంగడి నువ్వు చూసుకో, పో!"

ఆమె చిన్నబుచ్చుకుని వెనుదిరిగింది.

ఆ సాయంత్రమే టీ కొట్టు దగ్గర కమాల్ బాషా నోరు జారాడు. జారాడనడం అబద్ధం, కావాలనే అన్నాడు.

"మైదుకూరు దావలో ఆటో కాలిపోయిందంట. ఆ యమ్మ బిగించిన బ్యాటరీయేనంట. బడి పిల్లోళ్లు దిగినారో లేదో, మంట లేసిందంట!"

ఏ ఆటో కాలలేదు. కానీ మంట అనే మాట వింటే ఆటోవాళ్లకు హడలు. నెల తిరగకముందే రజిని షెడ్డుకు తాళం పడింది. ఎవరినీ ఒక్క మాట అనకుండా సామాను ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు కమాల్ బాషా కడుపు నిండా తిన్నాడు.

పాత బ్యాటరీలన్నీ మళ్లీ అతని అంగడికే వచ్చాయి. ఉన్నదంతా పెట్టి కొన్నాడు. గోడౌనులో కాలు పెట్టే సందు లేకుండా పోయాక జమ్మలమడుగు ఏజెంటు ప్రభుదాసుకు ఫోన్ చేశాడు. ఎప్పుడూ లోడు ఎత్తుకుపోయేది అతనే. అది ఎవరికి చేరుతుందో కమాల్ బాషా ఏనాడూ అడగలేదు.

"ప్రభుదాసప్పా, లారీ పంపు. సరుకు శానా ఉండాది."

"యాడికి పంపేదప్పా? కొనే మనిషి యాపారమే ఇడిసిపెట్టి పాయ."

"ఫ్యాక్టరీవాళ్లకు ఇయ్యి!"

"ఈ రకం బ్యాటరీలు కరగదీస్తే వాళ్లకేం మిగలదు. లారీ బాడుగ కూడా రాదు. మంచి సెల్లులు ఏరి మళ్లీ వాడేవాళ్లు కొంటేనే వాటికి రేటు."

"మరి ఇన్నాళ్లూ నా సరుకు కొనింది ఎవురు?"



"పులివెందుల రజిని. లారీ బాడుగ మిగిలితే నీకే రేటు పెంచొచ్చని, నీ అంగడి ఎదురుగానే వచ్చి షెడ్డు ఏసుకునింది గదప్పా!"