కాలు నొక్కని పెళ్ళాం

"నొక్కుతావా, నొక్కవా?" మంచం మీంచి మొగుడు అరిచాడు.

"నొక్కను," అంది ఆమె, వంటింట్లోంచి కదలకుండానే.

అతను దూరప్రాంతాల బస్సు డ్రైవరు. స్టీరింగు ముందు కూర్చున్నాడంటే ఊరు చేరేదాకా లేవడు. ఈసారి డ్యూటీ దిగేసరికి ఎడమకాలి పిక్క ఎర్రగా, నున్నగా ఉబ్బిపోయింది. ఇన్నేళ్ళూ పెళ్ళాం మీద ఒంటికాలి మీద లేచినవాడు ఇప్పుడు నిజంగానే ఒంటికాలి మీద కుంటుతున్నాడు. పొద్దున్న ఆమే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడైనా ఊరుకున్నాడా? ఇంతసేపు కూర్చోబెట్టారని నర్సుతో కయ్యం పెట్టుకున్నాడు. డాక్టరు మాట్లాడుతుండగానే విసురుగా బయటికొచ్చేశాడు.

సంగతి తెలిసి అతని అక్క పరుగున వచ్చింది. కాలు చూసి లబలబలాడింది.

"నీరు చేరిందేమోరా! మా మావగారికి కిడ్నీలు పాడై రెండు కాళ్ళూ ఇలాగే వాచాయి. గుండె జబ్బున్నా వాస్తాయట. ఏమ్మా, డాక్టరేమన్నాడు?"

"ఎక్కువసేపు కదలకుండా కూర్చోవడం వల్లనట వదినా. మాత్రలు రాసిచ్చాడు."

"కూర్చోవడమా, నా మొహమా! దీని వంటలో ఉప్పు చూశావా అక్కా? కాలు లాగేస్తోంది, కాస్త నొక్కి చావవే అంటే, వినిపించనట్టు అక్కడే నిలబడింది."

"కట్టుకున్నవాడి కాలు పట్టుకోవడానికి అంత నామోషీనా?" అంది ఆడపడుచు.

"నామోషీ కాదు. నా వల్ల కాదు వదినా."

"అయితే బట్టలు సర్దుకుని పో! నన్ను చూసుకోవడానికి మా అక్క ఉంది."

ఆ మాట అనడం అతనికి కొత్త కాదు. కానీ ఈసారి తలుపు వైపు వేలు చూపించి మరీ అన్నాడు. పోవడానికి ఆమెకు చోటు లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. అతని గొంతు వింటేనే ఆమెకు ఒళ్ళు మండిపోతుంది.

"ఉండరా, నేను నొక్కుతాను. దీన్ని బతిమాలేదేంటి?" అక్క నడుం బిగించి మంచం దగ్గర చతికిలబడింది.

"నూనె వేడి చేసి తెమ్మంటారా వదినా?"

"ఆ పనైనా ఏడువు."

ఆమె గోరువెచ్చటి నూనె తెచ్చిచ్చింది. ఆడపడుచు రెండు చేతులా పిక్క పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి కిందనుంచి పైకి నొక్కడం మొదలుపెట్టింది.

"అబ్బ, ప్రాణం లేచొచ్చిందే అక్కా! ఇంకాస్త గట్టిగా," అన్నాడు తమ్ముడు.

"చూసి నేర్చుకో," అంది అక్క, వెనక్కి తిరక్కుండానే.

ఆమె గుమ్మానికి ఆనుకుని చూస్తూ నిలబడింది.

పిక్కలో నెత్తురు గడ్డకట్టిందని, వెంటనే పెద్దాసుపత్రిలో చేర్చాలని, ఈలోపు పొరపాటున కూడా ఆ కాలు నొక్కొద్దని, నొక్కితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డుపడి మనిషి దక్కకపోవచ్చని, పొద్దున్న డాక్టరు ఆమె ఒక్కదాన్నీ కూర్చోబెట్టి మరీ మరీ చెప్పి పంపించాడు.