అడ్డం పడిన చుట్టం

పాడె లేవాలంటే ముందు గడపలో పడుకున్న ఈ పాడు ముసలాడు లేవాలి. ముసలాడేమో లేవడు.

"నా బానిసని నన్నడక్కుండా ఎక్కడికి మోసుకుపోతున్నార్రా?" అన్నాడు జుమానా జారా, వీధిగుమ్మానికి అడ్డంగా వెల్లకిలా పడుకుని. వాకిట్లో తెల్లగుడ్డ చుట్టి పాడె మీద ఉంచింది అతని ఈడువాడు నుహుమ్ త్రావొరేని.

జారా ఇంటిపేరు వాళ్ళూ త్రావొరే ఇంటిపేరు వాళ్ళూ తాతలనాటి నుంచీ వేళాకోళపు చుట్టాలు. ఎదురుపడితే బానిసవనీ, బొబ్బర్లు మెక్కేవాడివనీ తిట్టుకోవాలి. చావింట్లో అయితే మరీ గట్టిగా తిట్టుకోవాలి. కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టే. శవానికి అడ్డం పడ్డ చుట్టాన్ని ముట్టుకోకూడదు. అడిగింది ఇచ్చి, వాడంతట వాడు లేచేదాకా ఆగాలి. బమాకోలో ఇది పాలు తాగే పిల్లలకీ తెలుసు.

"బావా, ఇవిగో మర్యాదకి కోలా కాయలు. పదీ నీవే," అన్నాడు నుహుమ్ తమ్ముడు సిదికి.

"పదేనా? బొబ్బర్లు మెక్కే జాతికి పదికి మించి లెక్క రాదనుకుంటా!"

వాకిలంతా నవ్వింది. కోలా కాయలతో మొదలైన కోలాహలం వీధి చివరిదాకా పాకింది.

రెండు రాత్రులుగా కన్ను మూయని నుహుమ్ భార్య సితాన్ మాత్రం నవ్వలేదు. ఏప్రిల్ ఎండ రేకుల మీంచి వాకిట్లోకి దిగుతోంది. మసీదులో ఇమాము కనిపెట్టుకుని ఉన్నాడు. మధ్యాహ్నం నమాజుకి పాడె అందకపోతే సాయంత్రం దాకా ఆగాలి. మనుషులు ఆగుతారేమో, ఈ ఎండకి శవం ఆగదు.

కోడిపుంజుని తెచ్చారు.

"ఇది పుంజా? త్రావొరేల ఇంట్లో పుంజు కూడా గుడ్లు పెట్టేట్టుందే!"

పొట్టేలుని తెచ్చారు. జుమానా తల మాత్రం తిప్పి చూశాడు.

"దీనికీ మీ అన్నకీ ఒకటే మొహం. కొయ్యడానికి నాకు చెయ్యాడదు. తీసుకుపోండి."

గడియ గడిచింది, గడప గడవలేదు. పేరుకి జారా గానీ మనిషి అంగుళం జారలేదు.

"ఇంతకీ నీకేం కావాలి బావా?" సిదికి గొంతులో నవ్వు నిండుకుంది.

"త్రావొరేలందరూ మా బానిసలని గట్టిగా అనండి."

వాకిట్లో ఉన్న నలభై మంది త్రావొరేలూ చెమట తుడుచుకుంటూ అన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట. వీధిలో జారాలు ఈలలు వేశారు.

జుమానా లేవలేదు.

"వినపళ్ళా. మళ్ళీ అనండి."

మళ్ళీ అన్నారు. ఈసారి ఈలలు కూడా రాలేదు. ఇక లేస్తాడని పాడె ఎత్తినవాళ్ళు భుజాలు మార్చుకుని, మార్చుకుని, చివరికి కిందికి దించేశారు. "ఇది వేళాకోళమా? వేళా పాళా లేని గోల," అని ఎవరో గొణిగారు.

మసీదు నుంచి అజాన్ మొదలైంది.

"కాళ్ళు పట్టుకుని అవతలికి ఈడ్చేద్దాం," అన్నాడు సిదికి కొడుకు.

"ముట్టుకున్నావంటే మూడు తరాల తప్పు," అని సిదికి వాడి చెయ్యి పట్టుకున్నాడు.

సితాన్ లేచి వచ్చింది. గడప పక్కన నేలమీద కూలబడింది.

"అన్నయ్యగారూ, నాకు ఓపిక లేదు. తిట్టడానికీ లేదు, నవ్వడానికీ లేదు, ఏడవడానికీ లేదు. అజాన్ అయిపోతోంది. ఆయన్ని వెళ్ళనివ్వండి. ఏం కావాలో నా చెవిలో చెప్పండి. ఇంట్లో ఉన్నదేదైనా ఇచ్చేస్తాను."

జుమానా కళ్ళు అటూ ఇటూ తిప్పాడు. సిదికి వినేంత దగ్గర్లో లేడని రూఢి చేసుకున్నాడు.

"కోలా కాయలకే లేచేవాణ్ణి చెల్లెమ్మా," అన్నాడు గొంతు బాగా తగ్గించి. "మోకాళ్ళు రావట్లేదు. రోజూ చెయ్యిచ్చి నన్ను లేపేది ఆ పాడె మీదున్నవాడే."