పై వాటాలో చప్పుడు

ఎముకల్ని పట్టి పీడించే అరుదైన జబ్బుతో పుట్టిన సువర్చలకి అవి అప్పడాల్లా ఉండేవి. ఆమె కాలు కాస్త తడబడితే చాలు, ఇంట్లో నేల దానంతటదే పరుపులా పొంగేది. నలభై ఏళ్లొచ్చినా ఆమె ఒక్కసారి కూడా గెంతి ఎరగదు.

రెండేళ్లుగా ఎముకలు పెంచే సూదులు వేయించుకుంటోంది. ఆ ఉదయం ఎముకల బలం కొలిచే చేతిపట్టీ పచ్చగా వెలిగి, ఇక గెంతవచ్చని చెప్పింది. సువర్చల వంటింట్లోనే గెంతింది. నేల మెత్తగా పొంగి పట్టుకుంది.

"ఇది నన్ను నమ్మట్లేదండీ. ఆపేయండి," అంది భర్తతో.

మాధవరావు నేల మీట నొక్కాడు. "నెమ్మదిగా గెంతు."

ఆమె దబ్బున గెంతింది. గిన్నెలు గలగలలాడాయి, ఎముకలు మాత్రం కిక్కురుమనలేదు. ఇంకోసారి గెంతింది. మరోసారి.

ఫోను మోగింది. "పొద్దున్నే పైన ఏం దంచుతున్నారమ్మా?" అని విసుక్కున్నారు కింది వాటా కామాక్షిగారు.

"దంచడం కాదు పిన్నిగారూ, అది నేనే," అంది సువర్చల గర్వంగా. ఫోను చెవిన పెట్టుకునే మళ్లీ గెంతి అడిగింది: "ఇదీ వినపడిందాండీ?"