దర్జీ మాట

“చెప్పులిలా ఇవ్వక్కా, కాళ్ళు చల్లబడిపోతున్నాయి,” అన్నాడు దర్జీ.

“పడనీ. కిందటిసారీ ఇదే పాట పాడావు. కాళ్ళకి తగిలించుకుని అటునుంచి అటే ఇంటికి చక్కా వచ్చావు.” అక్క అతని చెప్పుల్ని సంచీ అడుక్కి తోసి, మందుల చీటీ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పారిపోవడం దర్జీకి కొత్త కాదు. నరాల జబ్బులు చూసే పెద్ద డాక్టరమ్మ ఈ ఆసుపత్రికి ఎప్పుడో గానీ రాదు. ఆవిడ వచ్చిన రెండుసార్లూ ఇతను మాయమయ్యాడు. మొదట కళ్ళు మసకబారాయి. తరవాత వేళ్ళు మొద్దుబారి, సూదిలో దారం ఎక్కడం మానేసింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ కావచ్చన్నారు. నరాల మీది పొర అక్కడక్కడా చిరుగుతుందని ఇక్కడే ఉండే చిన్న డాక్టరమ్మ వివరిస్తే, “లైనింగు పోయిందన్నమాట” అన్నాడు దర్జీ. అంతవరకూ బాగానే అర్థమైంది. వెన్నులో సూది గుచ్చి, నీరు తీసి పరీక్ష చేయాలనేసరికే చెప్పులు వెతుక్కున్నాడు. ఇంకా నాన్చితే ఆ వేళ్ళు కుట్టుపనికి పనికిరాకుండా పోతాయని ఆవిడ మొహమాటం లేకుండా చెప్పింది. అయినా భయం భయమే. జీవితమంతా సూదితో బతికినవాడు సూదికి భయపడుతున్నానని ఎవరికి చెప్పుకుంటాడు? మెడలోంచి తీయడం మరిచిపోయిన టేపును వేలికి చుట్టుకుంటూ పరీక్ష గది ముందు బల్ల మీద కూర్చున్నాడు.

ఎదురుగా చక్రాల కుర్చీలో ఒక పెద్దమనిషి. ముఖంలో నెత్తురు చుక్క లేదు, చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఎడమచేతికి రెండు గడియారాలున్నాయి, అందులో ఒకటి ఆడవాళ్ళది. జబ్బు బుర్రకెక్కినట్టుంది పాపం, అనుకున్నాడు దర్జీ. ఆయన భార్య కుర్చీ వెనక నిలబడి, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు పిడులు రెండూ గట్టిగా పట్టుకుంది.

“మొదటిసారా?” అని ఆమె దర్జీని పలకరించింది.

“మూడోసారి. లోపలికి వెళ్తే మాత్రం మొదటిసారే.”

ఆమె పకపకా నవ్వింది. “భయమేం లేదు అన్నయ్యగారూ! పక్కకి తిరిగి ముడుచుకుని పడుకోవాలి. చురుక్కుమంటుంది, అంతే. తరవాత కాసేపు తల ఎత్తకండి. ఎత్తారో, తలనొప్పి చుక్కలు చూపిస్తుంది.”

“నువ్వు ఊరుకోవే,” అని మూలిగాడు కుర్చీలో మనిషి. “ఆ తలుపు చూస్తేనే నాకు కళ్ళు తిరుగుతున్నాయి.”

“ఎన్నిసార్లు వచ్చాం! ప్రతిసారీ ఇదే వరస ఈయనది,” అంది భార్య.

దర్జీకి ప్రాణం ఉసూరుమంది. కుర్చీ దగ్గరికి జరిగి, “ఇదే జబ్బా అండీ?” అని మెల్లగా అడిగాడు.

“ఇదే. పొద్దున్నే కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోతాయి. ఆ మందేదో వెన్నులోకి ఎక్కిస్తేగానీ సడలవు. ఇవాళ మళ్ళీ వాయిదా వేస్తారేమోనని రాత్రంతా కంటిమీద కునుకు లేదు.”

“కునుకు లేదుట! ఆ గురకకి నిద్ర పట్టనిది నాకు,” అంది భార్య.

ఇంతలో ఆయన చేతిలోని నీళ్ళ సీసా జారి, దొర్లుకుంటూ వెళ్ళింది. ఆమె దాన్ని చూస్తూ నిలబడిందేగానీ వంగలేదు. చివరికి ఆయనే కుర్చీలోంచి సగం కిందికి జారి, తంటాలుపడి అందుకున్నాడు. దర్జీకి ఒళ్ళు మండింది.

“కాస్త వంగి అందించొచ్చు కదమ్మా!”

“వంగితే మళ్ళీ లేవొద్దూ?” అందామె నవ్వుతూనే.

ఇదేం మనిషిరా నాయనా, అనుకున్నాడు దర్జీ. ఇక ఊరుకోలేకపోయాడు. “తప్పుగా అనుకోకమ్మా. కుర్చీ వెనక నిలబడ్డవాళ్ళకి అన్నీ తేలిగ్గానే కనిపిస్తాయి. సూది దిగేది ఎవరి వీపులో?”

కుర్చీలో మనిషి అప్పటికే కళ్ళు మూసుకుని గోడకి మొహం తిప్పేశాడు. ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

“అయితే నా మాట నమ్మరన్నమాట.”

“ఎలా నమ్మమంటారు? ఆ సూది పొడిపించుకున్నవాళ్ళు ఒక్కరు, ఒకే ఒక్కరు, మీలా నవ్వుతూ చెప్పమనండి. ఇంక కిక్కురుమనకుండా లోపలికెళ్ళి పడుకుంటాను.”

“మాటేనా?”

“మాటే.”

ఆమె అతని మెడలోని టేపు వైపు చూసింది. “రేపు రండి, ఎల్లుండి రండి అనే దర్జీ మాటేనా?”

“అది బట్టల సంగతి. ఇది ప్రాణాల సంగతి. మాటంటే మాటే!”

అనడమైతే అన్నాడుగానీ, కుర్చీలో మనిషి వణుకు చూసేసరికి ఉన్న కాస్త ధైర్యమూ నీరుగారిపోయింది. ఇన్నిసార్లు పొడిపించుకున్నవాడే ఇలా బిక్కచచ్చిపోతే తన గతేమిటి? పోతే చెప్పులు పోయాయి అనుకుని లేచి, వట్టికాళ్ళతో పిల్లిలా మెట్ల వైపు నడిచాడు.

“అన్నయ్యగారూ, మాటిచ్చారు!” అని వెనకనుంచి ఆమె కేకేసింది.

“ముందు ఆ ఒక్కరినీ చూపించండి,” అంటూ దర్జీ మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

సరిగ్గా అప్పుడే గది తలుపు తెరుచుకుంది. పెద్ద డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, ఆ భార్యాభర్తల్ని చూసి నడుం మీద చేతులు వేసుకుంది.

“ఏమ్మా, మీ కుర్చీలో మళ్ళీ ఆయనే కూర్చున్నారా?”